మీ ఇంటి ఖర్చు తగ్గింది

“తగ్గింది,” అన్నాడు సర్వే ఆయన, ట్యాబ్ మీద వేలితో టిక్కు పెడుతూ.

“ఏం తగ్గింది?” అంది ఇల్లాలు. ఆమె చేతిలో సగం ఉతికిన పిల్లాడి చొక్కా ఉంది. నీళ్లు ఇంకా కారుతున్నాయి. తలుపు చప్పుడు విని బాత్రూంలోంచి అలాగే వచ్చేసింది.

“పళ్ల మీద మీ ఖర్చమ్మా. నిరుడు కొనేవాళ్లం, ఇప్పుడు కొనడం లేదన్నారుగా.”

“కొనలేక మానేశామండీ!”

“కొనలేక అనే గడి ఇందులో లేదు. పెరిగింది, తగ్గింది, మారలేదు. ఉన్నవి మూడే.”

ఇల్లాలికి ఒళ్లు మండింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీలోనూ అతనే కూర్చున్నాడు. అత్తగారు మంచం మీద బఠాణీలు ఒలుస్తూ చెవులు ఇటే అప్పగించి ఉంది.

“వంటనూనె?”

“సగానికి సగం తగ్గించేశాం. వేపుళ్లు మానేసి అన్నీ ఉడకబెట్టుకుని తింటున్నాం. ఆ ధరలకి నూనె డబ్బా వంక చూడాలంటేనే భయమేస్తోంది.”

“తగ్గింది. ఒంటికీ మంచిదేలెండి. రవాణా?”

“మా ఆయన బస్సెక్కడం మానేశారు. ఫ్యాక్టరీకి నడిచే వెళ్తున్నారు. చెప్పులు అరిగిపోతున్నాయి.”

“రవాణా, తగ్గింది. కొత్త చెప్పులు కొన్నారా?”

“దేంతో కొంటాం?”

“చెప్పులు, తగ్గింది. వినోదం?”

“మీరొచ్చారుగా నాయనా,” అంది అత్తగారు మంచం మీంచి. “పైసా ఖర్చు లేకుండా.”

అతను నవ్వలేదు. అదీ తగ్గిందనే టిక్కు పెట్టి, నుదురు తుడుచుకున్నాడు.

“చాలా సంతోషం. ఈ వీధి మొత్తంలో ఖర్చులు ఇంత అదుపులో ఉన్న ఇల్లు మీదే. మన దేశం ప్రపంచంలో అందరికంటే వేగంగా ఎదుగుతోందంటే ఊరికే కాదు మరి.”

“దేశం సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో ఎదుగుతున్నది మావాడొక్కడే,” అంది ఇల్లాలు, తడి చొక్కా అతని మొహం ముందు విదిలించి. “ఇదిగో, మొన్న కుట్టించిన చొక్కా. అప్పుడే బొత్తాలు పట్టడం లేదు. ఇంతకీ మా గోడునంతా రాసుకెళ్లి ఏం చేస్తారండీ?”

“ఫ్యాక్టరీ వాళ్ల కరువు భత్యం దీన్నిబట్టే కడతారమ్మా. ఇళ్లల్లో ఖర్చులు పెరిగాయని తేలితే భత్యం పెరుగుతుంది. తగ్గాయని తేలితే...” అతను అరచేతిని మెల్లగా కిందికి దించి చూపించాడు.

ఇల్లాలు గబుక్కున వంగి ట్యాబ్‌లోకి తొంగి చూసింది. పిల్లాడి స్కూలు ఫీజు అడిగిన ప్రతిసారీ, “భత్యం పెరగనీ, కట్టేద్దాం,” అనే అంటున్నాడు మొగుడు. ఆ భత్యానికి తన చేతులతోనే గొయ్యి తవ్వినట్టయింది.

“కొట్టెయ్యండి! అంతా కొట్టెయ్యండి!” అంది గాభరాగా.

“అంటే ఇందాక చెప్పినవన్నీ అబద్ధాలా?”

“అబద్ధాలని కాదు. కొత్తవాళ్ల ముందు గొప్పలు చెప్పుకోవడం ఎందుకని కాస్త తగ్గించి చెప్పాను.”

అతను ఉసూరుమంటూ మళ్లీ మొదటికొచ్చాడు. “పళ్లు?”

“బుట్టలకి బుట్టలు తెస్తారు మా ఆయన.”

“నాకు పళ్లు లేవుగా,” అంది అత్తగారు, కోడలి వరస పట్టేసి. “అందుకని మా కోడలు పొద్దుటా సాయంత్రం రసం తీసిస్తుంది.”

“నూనె?”

“డబ్బా వారం కూడా రాదు. వేపుడు లేనిదే మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.”

“రవాణా?”

“టాక్సీనే. మా ఆయనకి బస్సు పడదు.”

“వినోదం?”

“వారం వారం సినిమా చూడాల్సిందే,” అంది అత్తగారు. “వెనక్కి ఆనుకునే సీట్లున్న హాల్లోనే. మామూలు కుర్చీలైతే నా నడుం ఊరుకోదు. ఏసీ గది అలవాటైన ఒళ్లు కదా.”

సర్వే ఆయన తలెత్తి చూశాడు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. గోడ మీద పెచ్చులూడిన చోట ఇటుకలు కనిపిస్తున్నాయి.

“ఏసీ ఏదండీ?”

“రిపేరుకిచ్చాం,” అంది ఇల్లాలు తడుముకోకుండా. అత్తగారి వంక మాత్రం, ఇక చాలు అన్నట్టు కళ్లురిమి చూసింది.

“చూడమ్మా, మీరు చెప్పింది రాసుకోవడం వరకే నా పని. ఒకసారి పంపిస్తే దీన్ని మార్చడానికి లేదు. మళ్లీ తగ్గిందీ, పెరిగిందీ అంటూ నన్ను చంపకండి. ఇదే ఖాయమా?”

“ఖాయం. పంపించండి.”

అతను వేలితో నొక్కాడు. ట్యాబ్ కాసేపు ఆలోచించి, టింగుమంది. తెర పచ్చగా వెలిగింది. అప్పటిదాకా చేరగిలబడి కూర్చున్న మనిషి చప్పున లేచి నిలబడ్డాడు. మాటలో మర్యాద కూడా వచ్చింది.

“అభినందనలు మేడమ్!”

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా రోజులకి ఇద్దరూ కలిసి నవ్వారు.

“ఎంత పెరిగిందండీ మా వారి భత్యం?” అంది ఇల్లాలు, చొక్కా భుజాన వేసుకుని చేతులు తుడుచుకుంటూ.

“అది దేశంలో ఇళ్లన్నీ లెక్కగట్టాక ఎప్పటికో తేలుతుంది. మీ ఒక్క ఇంటి సంగతైతే ఇప్పుడే తేలిపోయింది,” అని అతను చెయ్యి చాపాడు. “మీ కుటుంబం పేదరికం నుంచి బయటపడింది మేడమ్. ఆ చవక సరుకుల రేషన్ కార్డు ఇలా ఇచ్చెయ్యండి.”