మంచానికి ఏ వైపు?

"ఆవిడ మంచానికి ఏ వైపు పడుకుంటారు సార్?" అని అడిగింది మిరేయా.

అనిబాల్ బుర్ర గోక్కున్నాడు. ఎదురుగా రోసల్బా, తమ కొలంబియా అలవాటు ప్రకారం, వేడి చాక్లెట్ కప్పులో చీజ్ ముక్క వేసి, అది కరిగేదాకా ఓపిగ్గా చూస్తోంది.

"మధ్యలో" అన్నాడు.

"మీరు చెప్పండి మేడమ్. ఆయన ఏ వైపు?"

"మధ్యలోనే."

మిరేయా నెత్తి కొట్టుకుంది. "ఇద్దరూ మధ్యలోనే పడుకుంటే ఆ ఆఫీసరు ఏమనుకోవాలి? బుధవారం ఇలాగే చెప్పారంటే కొంప మునుగుతుంది."

మిరేయా లాయరు ఆఫీసులో పని చేస్తుంది. ఆ ఆదివారం వస్తూనే షరతు పెట్టింది. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ తను ఆఫీసరు. వాళ్లు సార్, మేడమ్. నవ్వులాటలు కుదరవు.

అనిబాల్‌కి అమెరికా పౌరసత్వం వచ్చి ఏడాది కాలేదు. రోసల్బా వీసా గడువు మాత్రం ఎప్పుడో తీరిపోయింది. ఆయన భార్యగా ఆమెకి గ్రీన్ కార్డు రావాలంటే, ఆ పెళ్లి ఉత్తుత్తిది కాదని ఆఫీసరు నమ్మాలి. నమ్మకపోతే కొలంబియా విమానం ఎక్కిస్తారు. అసలే న్యూయార్క్‌లో, వాళ్లుండే క్వీన్స్‌లో రోజులు బాగాలేవు. ఇమిగ్రేషన్ బండి వచ్చిందంటే చాలు, వీధి వీధంతా తలుపులు బిగించుకుంటోంది.

"తర్వాతి ప్రశ్న. ఆవిడకి ఇష్టమైన రంగు?"

"రంగా?" అనిబాల్ రోసల్బా స్వెటర్ వంక దొంగచూపు చూశాడు. "బూడిద రంగు."

"నీలం" అంది రోసల్బా. "ఇది లాండ్రీలో ఎవరో వదిలేసి పోయిన స్వెటర్."

రోసల్బా మాత్రం ఆయన సంగతులన్నీ గడగడా అప్పజెప్పేసింది. చొక్కా కొలత, చెప్పు కొలత, ఏ పన్ను కట్టించుకున్నాడో, ఏ మోకాలు నొప్పో కూడా చెప్పింది.

"మీకేం, మీరు తెలివైనవారు" అన్నాడు అనిబాల్ బిక్కమొహం వేసి.

"కంగారు పడకండి. మీకూ వస్తుంది" అంది రోసల్బా. ఇద్దరూ కొలంబియాలోని బోయాకా కొండల వాళ్లు. అక్కడ ఎవరైనా ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకుంటారు.

పక్కవాటా లిబార్దో తలుపు సందులోంచి తల పెట్టాడు. "నిజంగానే వెళ్తారా? ఎవరైనా తమంతట తామే వెళ్లి వాళ్ల చేతుల్లో పడతారా? నా మాట విని కొన్నాళ్లు దాక్కోండి."

"దాక్కుంటే కార్డు కాళ్లొచ్చి నడిచొస్తుందా, లిబార్దో గారూ?" అంది రోసల్బా. "పిలిచారు, వెళ్తాం. కాగితాలన్నీ రెండేసి కాపీలు తీయించాను. లాయరు పక్కనే ఉంటాడు. ఆయన ఫోన్ నంబరు చేతి మీద రాసుకుంటాను. అంతకంటే చేసేదేముంది? చాక్లెట్ తాగి వెళ్లండి."

లిబార్దో చాక్లెట్ తాగాడు గానీ ధైర్యం మాత్రం తెచ్చుకోలేదు.

అనిబాల్‌కి నిజంగానే భయం వేసింది. తెల్లారాక, ఒంటినిండా పిండితో బేకరీ నుంచి వచ్చేసరికి, రోసల్బా కోటు తొడుక్కుంటూ గుమ్మంలో ఎదురవుతుంది. "పొయ్యి మీద సూప్ ఉంది" అని చెప్పి పనికి పోతుంది. ఆ గుమ్మంలో ఆవిడ లేకపోతే?

అందుకే రాత్రంతా పిండి పిసుకుతూ మిరేయా నేర్పిన పాఠం వల్లించాడు. ఎడమ వైపు. నీలం. బెల్లం నీళ్లు. వేరుశనగ పడదు.

"ఏం పెళ్లికొడుకా, పాఠం వచ్చిందా?" అని తోటివాళ్లు ఆటపట్టించారు.

బుధవారం వచ్చింది. మిరేయా బయట కూర్చుంది, గోళ్లు కొరుక్కుంటూ. ముందు అనిబాల్‌ని ఒక్కణ్ణే, లాయరుతో కలిపి, లోపలికి పిలిచారు.

ఆఫీసరు రిటైర్మెంట్‌కి దగ్గరపడిన పెద్దావిడ. స్పానిష్ బాగా వచ్చు. ప్రమాణం చేయించి, "మీ భార్య గురించి చెప్పండి" అంది.

"ఎడమ వైపు పడుకుంటుంది నీలం రంగు ఇష్టం పొద్దున్నే బెల్లం నీళ్లు తాగుతుంది వేరుశనగ పడదు" అన్నాడు అనిబాల్ ఒక్క గుక్కలో.

లాయరు పైకప్పు వంక చూశాడు.

"ఇవన్నీ ఎవరు నేర్పారండీ?"

ప్రమాణం చేశాడాయె. "మిరేయా" అన్నాడు. "బయట కూర్చుంది."

"అలాగా! అయితే మిరేయా నేర్పనిది ఒకటి అడుగుతాను. మీ ఆవిడ గురక పెడుతుందా?"

తెలియనిది తెలియదనే చెప్పమని మిరేయా మరీ మరీ చెప్పింది.

"తెలీదు మేడమ్."

"ఉండేది ఒకే ఇంట్లోనేనా?"

"ఒకే ఇల్లు, ఒకే మంచం. కానీ ఆవిడ పడుకునే వేళకి నేను బేకరీలో ఉంటాను. నేను పడుకునే వేళకి ఆవిడ లాండ్రీలో ఉంటుంది. కలిసి పడుకున్న రాత్రంటూ నాకు గుర్తు లేదు."

లాయరు కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు పెన్ను కింద పెట్టింది.

అంతా అయిపోయిందనుకున్నాడు అనిబాల్. కళ్ల నీళ్లు ఆగలేదు. "తప్పు నాది మేడమ్. ఆవిడని మాత్రం పంపెయ్యకండి. గుమ్మంలో ఆవిడ ఎదురవకపోతే, ఆ ఇంటికి నేనెందుకు వెళ్లాలి?"

ఆఫీసరు ఫైలు వెనక్కీ ముందుకీ తిప్పింది. రోసల్బాని కూడా పిలిపించి, ఆమె చేతి మీది ఫోన్ నంబరు చూసి, "ఇక అది కడుక్కోవచ్చమ్మా. కార్డు పోస్టులో వస్తుంది" అంది.

తర్వాత కళ్లజోడు తీసి, అనిబాల్ వైపు వంగి, గొంతు తగ్గించింది.

"నాదొక్కటే సందేహం అనిబాల్ గారూ, ముప్పయ్యేళ్ల కాపురంలో కలిసి పడుకున్న రాత్రే గుర్తు లేదంటున్నారు, మరి బయట కూర్చున్న మీ పెద్దమ్మాయి మిరేయానీ, ఆ తర్వాత ముగ్గురు మగపిల్లల్నీ ఏ వేళప్పుడు కన్నారండీ?"