ఎనిమిదో వరుసలోని ఇరుసు

"నేను దిగను. కావాలంటే నన్ను కూడా కలిపి క్రషర్‌లో వేసుకోమనండి," అంది కారులో కూర్చున్న ఆమె.

చేతిలో స్పానర్ల పెట్టెతో డెల్మర్ తెల్లబోయి నిలబడ్డాడు. కాన్సస్‌లో అంత పెద్ద స్క్రాప్ యార్డు ఇంకోటి లేదు. అందులో ఎనిమిదో వరుసలో, చక్రాలు ఊడదీసి ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టిన పాత ఎక్స్‌ప్లోరర్ కారు అది. ముందు భాగం నుజ్జయింది. వెనక మాత్రం గీత కూడా పడలేదు. ఆ వెనకున్న ఇరుసు కోసమే అతను నలభై మైళ్ళు వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ వరుసంతా కార్లని నలగ్గొట్టే క్రషర్‌కి వెళ్ళిపోతుంది.

"కారు నాకొద్దమ్మా. కింద ఉన్న ఇరుసు, దాని బ్రేకులు, అంతే కావాలి. మీరు పైన కూర్చునుంటే నేను కిందికి దూరలేను."

"ఇందాక ఒకడు ఇలాగే వచ్చాడు. బురదలో కార్ల పందేలకట. నెల తిరక్కుండా విరగ్గొట్టేస్తానని నవ్వుతూ మరీ చెప్పాడు. పొమ్మన్నాను. మీరేం చేస్తారు దీన్ని?"

డెల్మర్ జవాబు చెప్పేలోపు అతని స్నేహితుడు వెండెల్ అందుకున్నాడు. "ఆవిడే వద్దంటోంది కదా, పదరా. పన్నెండో వరుసలో పాత పికప్ ఉంది. దాని ఇరుసు ఏనుగు ఎక్కినా వంగదు. పాత కారుని రేసు బండిలా మార్చి హాట్ రాడ్ కట్టేవాళ్ళెవరైనా వేసేది అదే. నీ ముప్పై నాలుగు మోడల్ కూపే కారుకి అంత ఇంజను పెట్టి, వెనక మాత్రం పిల్లల్ని బడికి దింపే బండి ఇరుసా? మనవాళ్ళు నవ్విపోతారు."

"దానికున్నవి పాతకాలం డ్రమ్ బ్రేకులురా. దీనివి డిస్కులు, గట్టిగా పడతాయి."

"ఉంటే? మన కుర్రతనమంతా డ్రమ్ బ్రేకుల మీదే నడిచింది."

"నడిచింది, సరే. ఆగిందా?"

ఆమె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి డెల్మర్‌కి ధైర్యం వచ్చింది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోయిన నెల మా ఊరి నాలుగు రోడ్ల దగ్గర బ్రేకు పెడల్ మీద లేచి నిలబడ్డానమ్మా. అయినా నా కూపే ఆగలేదు. రోడ్డు దాటేసి చర్చి గడ్డిలోకి పోయి ఆగింది. పక్క సీట్లో నా మనవరాలు టెస్సా ఉంది. తొమ్మిదేళ్ళు. అడ్డంగా ఏ లారీ రాలేదు కాబట్టి సరిపోయింది. అది ఆగడం నేర్చుకునేదాకా నా పిల్లని ఎక్కించనని మా అమ్మాయి తెగేసి చెప్పింది. తప్పు లేదు. టెస్సా మాత్రం రోజూ ఫోన్ చేసి, 'తాతా, నేర్చుకుందా?' అని అడుగుతోంది."

ఆమె స్టీరింగ్ మీంచి చేతులు తీసింది. తర్వాత తలుపు తోసుకుని దిగింది.

"అయితే ఇదే తీసుకోండి. ఇంకోటి వద్దు."

"బ్రేకులు ఎలా ఉన్నాయో చూడాలి కదమ్మా."

"చూడక్కర్లేదు. తడి రోడ్డు మీద, వానలో, ఎలా పట్టాయో నేను కళ్ళారా చూశాను. పక్కకి తిరిగి స్తంభాన్ని కొట్టుకుంది గానీ ఎవరికీ చిన్న దెబ్బ తగల్లేదు."

అయినా డెల్మర్ చూశాడు. బ్రేకు డిస్కుల మీద వేలితో రాస్తే అద్దంలా జారింది. ప్యాడ్లు ఇంకా సగం పైనే ఉన్నాయి. ఒక పక్క డిస్కు తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. వెండెల్ గొణుగుతూనే కొలత టేపు రెండో కొస పట్టుకున్నాడు. అటు నుంచి ఇటు యాభై తొమ్మిదిన్నర అంగుళాలు. కూపే మడ్‌గార్డుల కింద ఇమిడిపోతుంది. కోసి అతికే పని లేదు.

"ఏదీ, ఇప్పుడు చెప్పు నీ పికప్ సంగతి," అన్నాడు డెల్మర్.

"అది అరవై అయిదు. చక్రాలు బయటికి పొడుచుకొస్తాయిలే," అని వెండెల్ మొహం అటు తిప్పుకున్నాడు. "సరే, ఆ మూల నట్టు నేను పడతా. నీ నడుముతో నువ్వు పట్టలేవు."

డెల్మర్ సుద్దముక్కతో ఇరుసు గొట్టం మీద తన పేరు రాశాడు. యార్డులో పేరు పడ్డ వస్తువుని ఇంకెవరూ ముట్టుకోరు. తుప్పు పట్టిన మొదటి నట్టు ఒక్క గుంజుకే కదిలింది. "చల్లగా ఉండు తల్లీ," అన్నాడు నట్టుతో. మబ్బు పట్టి ఎండ తగ్గింది. ఆమె తన ఫ్లాస్కులోని కాఫీ మూతలో పోసి వంతులవారీగా ఇద్దరికీ అందించింది. ఇద్దరూ స్ప్రింగులు విప్పి, బ్రేకు గొట్టాలు తప్పించి, జాకీ మీద ఇరుసుని మెల్లగా కిందికి దించారు. కార్లని క్రషర్‌కి మోసే బండి వరుస మొదట్లోకి వచ్చేసరికి అది ట్రాలీ మీదికి ఎక్కింది.

ఆమె వంగి, ఆ మురికి ఇరుసుని అరచేత్తో ఒకసారి నిమిరింది. పెదవులు కదిలాయి. ఏమందో వాళ్ళకి వినపడలేదు.

డెల్మర్ ఆమె వైపు తిరిగాడు. "మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదమ్మా. ఒక్క మాట. శనివారం కౌంటీ జాతరకి మా కూపే వస్తుంది. మీరూ రండి. టెస్సా కంటే ముందు మీరే నడిపి చూద్దురుగాని. ఎంతైనా మీకు అలవాటైన బ్రేకులు."

"నాకు కారు నడపడమే రాదండీ," అందామె చేతి మురికి తుడుచుకుంటూ. "ఆ రోజు వానలో, దీని ముందు రోడ్డు దాటుతున్నది నేను."