గెంతుల తాత సీసా

నూకరాజుకి గొడుగు పార్టీ మీద ఎంత ప్రేమంటే, వానలో కూడా గొడుగు విప్పేవాడు కాదు. పార్టీ గుర్తు తడిసిపోతాదని.

అలాంటివాడి ఊళ్ళోకి ఓ సీసా పట్టుకుని దిగేడు గెంతుల తాత.

అసలు పేరు లోకనాథం. అనకాపల్లి నుంచి షేర్ ఆటోలో వచ్చేవాడు. ఆ చేపలవాళ్ళ ఊరి సముద్రంలోకి మందుల ఫ్యాక్టరీ మురుగునీళ్ళ పైపు వేస్తారని అప్పటికే గొడవ నడుస్తోంది. ఏ పార్టీ పైపు వద్దంటే తాత ఆ పార్టీ కండువా కప్పుకునేవాడు. వాళ్ళు మాట మార్చిన రోజున కండువా తీసి, మడతపెట్టి, వాళ్ళ ఆఫీసు గుమ్మంలో పెట్టి వచ్చేసేవాడు.

గొడుగయింది. గంటయింది. నాగలయింది.

ఈ ముసలోడు ఇంకో రెండు గెంతులు గెంతితే దేశంలో గుర్తులన్నీ అయిపోతాయని, కొత్తవి గీయడానికి ఢిల్లీ నుంచి బొమ్మలేసేవాళ్ళు బయల్దేరేరని నూకరాజు ఊరందరికీ చెప్పేవాడు. గెంతుల తాత అని పేరు పెట్టింది కూడా అతనే.

సీసాలోవి తాత సొంతూరి నూతినీళ్ళు. అదే కంపెనీ పాత ఫ్యాక్టరీ ఆ ఊరి పక్కనే ఉంది. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉండేవి. మూత తీస్తే మాత్రం మూడిళ్ళవతల పిల్లి తుమ్మేది.

ఓటడగడానికి ఎవరొచ్చినా తాతది ఒకటే మాట.

"ఒక్క గుక్క తాగు బాబూ. నీ జెండా నా బుజం మీద మోత్తాను."

ఎవరూ తాగలేదు.

పైపు కావాలో వద్దో జనం చేతులెత్తి చెప్పాలని, ఓ రోజు ఆఫీసర్లు ఊళ్ళో షామియానా వేసి మీటింగు పెట్టేరు. గొడుగు పార్టీ నాయకుడు త్రినాధరావు మైకు పక్కన కూచున్నాడు. సగం ఊరు సీసా ఉన్న తాత సంచీవైపే చూస్తోంది.

తాత సంచీని కుర్చీ కింద పెట్టి, పులిహోర పొట్లం కోసం లైన్లో నిలబడ్డాడు.

నూకరాజు సీసా తీసేడు. పారబోసేడు. రుద్ది రుద్ది కడిగేడు. అన్నం తిన్న కంచం కూడా ఏనాడూ అంత శ్రద్ధగా కడిగిన మనిషి కాదు. బోరింగు నీళ్ళు నింపి మళ్ళీ సంచీలో పెట్టి, త్రినాధరావు చెవిలో ఓ మాట వేసేడు.

తాత వచ్చి, అందరి ముందూ సీసా చాచేడు.

త్రినాధరావు మూత తీసి గటగటా తాగేసేడు. మూతి తుడుచుకున్నాడు.

"ఇంకోటుందా?" అన్నాడు.

షామియానా గుంజలు పీక్కొచ్చేంత నవ్వు. ఆ నవ్వులోనే పైపు కావాలని చేతులు లేచేయి. నూకరాజు తల్లి బుల్లమ్మ, ఎత్తాలా వద్దా అని కొడుకువైపు చూసింది. అతను ఎత్తమని కళ్ళెగరేసేడు. ఎత్తింది.

పక్కనే నిలబడ్డ తాతకి సీసాలోంచి ఏ వాసనా రాలేదు. నోరు తెరిచేడు. పళ్ళికిలిస్తున్న నూకరాజుని చూసేడు. నోరు మూసేసేడు.

జనం కదిలేక మెల్లిగా దగ్గరకొచ్చేడు.

"బోరింగు నీళ్ళేనా బాబూ?"

"ఏటి తాతా, మీ ఊరి నీళ్ళకి తీపెక్కిందేటి?"

తాత కోప్పడలేదు. ఖాళీ సీసా నూకరాజు చేతిలో పెట్టేడు.

"ఉంచు. నీకు పనికొత్తాది."

తాత మళ్ళీ ఆ ఊరు రాలేదు.

పైపొచ్చింది. పైపుతోపాటు సిమెంటు రోడ్డూ వచ్చింది. ఆ రోడ్డు మీద ఎండబెట్టుకోడానికి చేపలు మాత్రం రావడం మానేసేయి.

వలలో పడ్డ నాలుగూ మందు కంపు. బుల్లమ్మ అనకాపల్లిలో తట్ట దించితే, కొనేవాళ్ళు చేపని ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టలో పడేసేవారు.

"డాట్రు రాసిన మందుల సీటీ ఉంటేనే కొంటారంటరా," అని ఓ రోజు నవ్వింది.

మర్నాడు తట్ట ఎత్తలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

నూకరాజు త్రినాధరావు దగ్గరకెళ్ళి పైపు సంగతి అడిగేడు. అభివృద్ధంటే మాటలేటిరా, కొన్నాళ్ళు ఓర్సుకోవాల అని, ఎలక్షన్లొస్తున్నాయి కదాని మెళ్ళో కొత్త కండువా వేసేడాయన.

నూకరాజు కండువా తీసి, మడతపెట్టి, గుమ్మంలో పెట్టి వచ్చేసేడు.

చూరులో దోపిన సీసా వెతికి, పైపు మూతి దగ్గర నీళ్ళు నింపేడు. చేసింది చెప్పి, కాళ్ళు పట్టుకునైనా తాతని ఊరికి తీసుకురావాలని అనకాపల్లి వెళ్ళేడు.

బెల్లం మార్కెట్ వెనక ఓ అద్దెగది. తలుపు తీసింది తాత కూతురు సూర్యకళ. నాన్న పోయి ఏడాది దాటిందని చెప్పింది.

నూకరాజు గుమ్మంలోంచే సీసా చాచేడు.

"ఆవేళ సీసాలో నీళ్ళు మార్సింది నేనేనమ్మా."

"తెలుసు. నాన్న సెప్పేడు."

"తెలిసీ నలుగుర్లో నా పేరెందుకెత్తలేదు?"

సూర్యకళ సీసా అందుకుని మూత తీసింది. ముఖం తిప్పుకుని, మళ్ళీ గట్టిగా బిగించింది.

"మా ఊళ్ళో ఇలాగే మీటింగెట్టిననాడు, గొడుగు పార్టీ తరపున ఊరి ప్రెసిడెంటు నాన్నే," అంది. "ఫ్యాక్టరీ వదిలే నీళ్ళివేనని గ్లాసుడు స్టేజీ మీద తాగి సూపించి, ఊరందరి సేతా సేతులెత్తించేడు. ఆ గ్లాసులోవి మా ఇంటి కుండలో నీళ్ళు బాబూ."