మౌనం పట్టిన రోజు

"ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు సార్, మీ ఫోను నేను ముట్టలే," అంది రుద్రమ్మ. అమీర్‌పేటలోని మా హాస్టల్లో ఆరేళ్లుగా వంటా, ఊడ్చే పనీ ఆమెదే.

"నిన్న నా గది ఊడ్చింది నువ్వే. మరి ఫోనుకు కాళ్లొచ్చాయా ఏంటి?" అన్నాడు మేనేజరు చలపతిరావు.

ఆమె నా వైపు చూసింది. "గా పిలగాన్ని అడుగుండ్రి సార్. నిన్న పొద్దంత ఈడనే ఉన్నడు."

నేను నోరు విప్పలేదు. పొద్దు గూకేదాకా మౌనవ్రతం పట్టాను. నాలుకను కట్టేస్తే కోపం దానంతటదే చస్తుందని, బల్కంపేట గుడి దగ్గర కొన్న చిన్న పుస్తకంలో చదివాను. మాట్లాడితే వ్రతం పోతుంది, మాట్లాడకపోతే ఆమె పని పోతుంది.

"ఈ కుర్రాడు అబద్ధమాడడు," అన్నాడు చలపతిరావు. "బాబూ, ఈవిడ తియ్యలేదని తల ఊపు చాలు. వదిలేస్తాను."

సైగ కూడా మాటతో సమానమేనని ఆ పుస్తకంలోనే ఉంది. కళ్లు మూసుకున్నాను.

"చూశావా, ఇతనూ కాదనడం లేదు. రేపటి నుంచి రాకు."

రుద్రమ్మ తన సంచి తీసుకుని, పోతూ పోతూ నా తల మీద చెయ్యి వేసింది. "నాకోసం నీ వ్రతం చెడగొట్టుకోకు బిడ్డా. ఇంకోతాన పని దొరుకుతది తియ్."

ఆ ఫోను మేడ మీది నీళ్ల ట్యాంకులో ఉంది. నిన్న నేను జపంలో ఉండగా అది మేనేజరు గదిలో అదేపనిగా మోగుతుంటే, కోపం పట్టలేక నేనే తీసుకెళ్లి అందులో విసిరేశాను. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగానే ఈ రోజు మౌనం పట్టాను.