చేబదులు

గొడవ చార్జరు దగ్గర మొదలైంది. ఇంట్లో చార్జర్లు రెండు, పనిచేసేది ఒకటి. త్రినాథరావు ఫోను పీకేసి వేదవతి తన ఫోను పెట్టుకుంది. పొద్దున్నే కొత్త చీరల ఫొటోలు గ్రూపులో పెట్టకపోతే ఆడవాళ్ళు ఇంకొకరి దగ్గర కొనేసుకుంటారని ఆమె కంగారు. పొద్దున్నే ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్ పడిందో లేదో చూసుకోకపోతే అతనికి కాఫీ గొంతు దిగదు.

"చూసి ఏం చేస్తారు? జూన్‌లో ఏం రాసుందో ఇప్పుడూ అదేగా" అంది.

నిజమే. 'ప్రాసెసింగ్‌లో ఉంది' అన్న ఆ ఒక్క ముక్క డిసెంబరు వచ్చినా మారలేదు. జీతంలో ఎక్కువ కోసిన పన్ను తిరిగొస్తే కూతురు తన్మయి కోచింగ్‌కి రెండో విడత ఫీజు కడదామనుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ సెంటరు వాళ్ళు సోమవారమే ఆఖరన్నారు. కట్టకపోతే మంగళవారం నుంచి పిల్లని క్లాసులో కూర్చోనివ్వరు.

రిఫండ్ ఆగింది వేదవతి చీరల వల్లేనని త్రినాథరావు నమ్మకం. పిఠాపురం నుంచి ఆమె పిన్ని కూతురు బస్సులో పార్సిలు వేస్తుంది. వేదవతి వాటిని ఎల్బీనగర్, చంపాపేట్ ఆడవాళ్ళకి చీరకు మూడు నాలుగు వందలు మిగిలేలా అమ్ముతుంది. డబ్బు పడేది ఇద్దరి పేర్లా ఉన్న ఖాతాలో. అదంతా తను దాచిన ఆదాయమని టాక్సువాళ్ళు అనుకుంటారని అతని భయం. అందుకే శ్రావణమాసంలో ఒక ఉపాయం చెప్పాడు. ఫోనులో డబ్బు పంపే ప్రతి ఒక్కరూ కింద 'చేబదులు' అని రాయాలి. అప్పు మీద ఎవరూ పన్ను వెయ్యరు కదా.

ఆ మాట నోటితో అడగడానికి వేదవతికి సిగ్గేసింది. ముందుగా కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు భార్య స్వర్ణలతకి చెప్పింది. ఎందుకని అడుగుతుందేమో, ఏం చెప్పాలో అని మెట్లమీదే జవాబు తయారుచేసుకుంది. స్వర్ణలత ఏమీ అడగలేదు. కాసేపు ఆలోచించి నవ్వింది.

"గట్లనే రాస్త అక్కా. గదే మంచిగుంటది. మా చెల్లె అంబికకు గూడ చెప్త" అంది.

అప్పట్నుంచి అమ్మకాలు పెరిగాయి. రెండు నెలలకొక చీర తీసుకునేవాళ్ళు నెలకి రెండు తీసుకుంటున్నారు. సరుకు బాగుండబట్టే అనుకుంది వేదవతి.

చార్జరు గొడవైన ఆ శనివారమే ఆఫీసు నుంచి త్రినాథరావు మూసారాంబాగ్ వెళ్ళాడు. అక్కడ విశ్వేశ్వరరావు అని, రిటర్నులు వేసిపెట్టే పెద్దాయన ఉన్నాడు. రిఫండ్ విషయంలో ఆయన చేయగలిగిందేమీ లేదన్నాడు. ఎదురుచూడాలి, తన సొంత రిఫండే ఇంకా రాలేదన్నాడు. చీరల సంగతి విని మాత్రం ఆశ్చర్యపోయాడు.

"ఈమాత్రం లాభానికి ఆవిడకి పన్నే పడదండీ. అమ్మకమని చూపిస్తే సరిపోయేది. చీరని చీరంటే ఏం పోయింది?" అన్నాడు.

మెట్రో ఎక్కబోతూ త్రినాథరావు ఇంటికి ఫోను చేశాడు. రేపట్నుంచి అందరినీ చీర అనే రాయమను అన్నాడు. రిఫండ్ రాదనుకుని ఊరుకుందాం, నువ్వు దాచిన లాభం ఎంతుందో చూడమన్నాడు. వేదవతి చూసింది. ఏడాదిన్నరగా ముట్టని ఆ డబ్బు ఫీజుకి సరిగ్గా సరిపోతుంది. సంగతి తెలిశాక తన్మయి మూడు వారాలుగా మూసిపెట్టిన పుస్తకాలు ముందేసుకుంది.

గేటు చప్పుడు ఎప్పుడో వినిపించింది గానీ, త్రినాథరావు భోజనాల వేళ వరకు పైకి రాలేదు. వచ్చి, చేతులు కడుక్కుని, ఫోను చార్జింగు కూడా పెట్టకుండా కంచం ముందు కూర్చున్నాడు. చార్జరు కోపం ఇంకా పోలేదేమో అనుకుంది వేదవతి.

"సోమవారం నేనే వెళ్ళి ఫీజు కట్టేసి వస్తాను" అంది, పప్పు వడ్డిస్తూ.

"కట్టొద్దు. ఆ డబ్బు బాల్‌రాజ్ గారికి ఇచ్చేస్తున్నాం."

తన్మయి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

అద్దె ఒకటో తారీఖునే ఇంటి ఓనరుకి ఇచ్చేశాం కదా అంది వేదవతి. అద్దె కాదు, అప్పు అన్నాడు త్రినాథరావు. బాల్‌రాజ్ గేటు దగ్గర ఆపి, కుర్చీ వేసి, చాయ్ ఇప్పించాడట. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదట. "తప్పుగ అనుకోకు సార్. ప్లాటు రిజిస్ట్రేషన్ ఉంది, జర పరేషాన్ల ఉన్న. లేకుంటే అడుగుదునా?" అన్నాడట. ఫోను తీసి, తన ఖాతాలోంచి వెళ్ళిన డబ్బంతా తేదీలతో సహా చూపించాడట. స్వర్ణలత భర్త వెనక నిలబడి, నోరు విప్పకుండా, త్రినాథరావుకి రెండు చేతులూ జోడించిందట.

"చేతులు జోడించడమేంటి? అసలు వాళ్ళ దగ్గర మనం అప్పెప్పుడు చేశామండీ?"

త్రినాథరావు అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

"మొన్న అల్మాస్‌గూడ పెళ్ళికి ఆవిడ కట్టుకెళ్ళిందే, ఆకుపచ్చ ఉప్పాడ, అదొక అప్పు. ఇంకో పది అప్పులు ఆవిడ బీరువాలో మడతపెట్టి ఉన్నాయి."