నెత్తురు దాచలే

సేఠ్, కిష్టప్పన్నను సంపింది బండలు కాదు, నీ అబద్ధం.

నీ తాండూరు పాలిష్ యూనిట్ల బండల కుప్ప ఆయన కాళ్ల కాడికెళ్లి ఛాతి దాంక ఒరిగింది. కాలు విరిగింది, ఛాతి మీద మాత్రం పైకి గీరు సుత లేదు. వికారాబాద్ దవాఖానకు తోలేటప్పుడు నువ్వు ఎప్పటి మాటే చెప్పినవ్: "బైక్ మీదికెళ్లి పడ్డడనుండ్రి. యూనిట్ పేరు రావద్దు."

రెండో దినం డాక్టరమ్మ రక్తం రిపోర్ట్ పట్టుకొని వచ్చింది. "ఒక్క కాలుకే లోపలి వాపు ఇంత చూపియ్యదు. ఇట్ల పెరిగితే ఊపిరితిత్తులకు ముప్పు. ఛాతి మీద బరువేమన్న పడ్డదా?"

"లేదు మేడం, బైకే," అన్నడు మంచం పక్కనున్నోడు. కిష్టప్పన్న వాని మొఖం దిక్కు జూసి, తను గూడ తలూపిండు. ఆమె నమ్మింది. కాలుకు చీము పట్టిందనుకొని దానికే మందులిచ్చింది.

మూడో దినం ఊపిరితిత్తులల్ల నీరు నిండింది. నాలుగో దినం పోయిండు.

ఇప్పుడు కోత మిషన్ ఆగినప్పుడల్ల ఆయన ఎగపోత ఇనొస్తుంది. ఆయన భార్య భాగమ్మక్క ఆ రిపోర్ట్ చేతవట్టుకొని దినాం నన్నే అడుగుతుంది: "డాక్టరమ్మకు బైకని చెప్పినోడు ఎవడు తమ్మీ?"

నేనే, సేఠ్. మంచం పక్కనున్నోన్ని నేనే.

కవర్ల పెట్టకుండ కార్డు మీదనే రాసిన, దారిల ఎవలన్న సదువుకోనీ. శుక్రవారం పొద్దుగాల అక్కకు నా మాట చెప్పి, ఠాణకు పోతున్న. బండలు నీ యూనిట్లనే పడ్డయని నువ్వు సంతకం జేసిన కాయిదం గురువారం పొద్దుమూకేలోపు నా చేతికి రావాలె.