మామిడి కొత్త అయ్యేదాకా

రోగుల ఆచారాలను రోబోలైన మరనర్సులు కూడా పాటించవచ్చని కొండ ఆసుపత్రికి అనుమతి రాగానే, పసుపుతాడు ఇంకా పచ్చగా ఉన్న నర్సు నీలవేణి గంతేసింది. వార్డులో చేరిన కొండరెడ్ల తెగ ముసలమ్మ బుల్లెమ్మ రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు మరి. పూటపూటా మరనర్సు పళ్లెంలో మామిడిముక్కలు పెడుతోంది.

“ఊళ్లో మామిడి కొత్త పండగ కాలేదమ్మా. దేవతకి పెట్టకుండా ఆ పళ్లెం ఎట్టా ముట్టను?” అనేది బుల్లెమ్మ.

“పండుకి పండగేంటి మామ్మా!” అని నవ్వేవాడు డాక్టరు పురంధర్.

నీలవేణి పండగ సంగతి మరనర్సు చెవిన వేసింది. అది వార్డంతా గాలించి మామిడన్నది ఏరేసింది. ఆఖరికి డాక్టరుగారి క్యారేజీ విప్పి, కొత్తావకాయ కూడా లాక్కుంది.

“ఏయ్, నాదెందుకే?”

“పండగ కాలేదండి,” అంది మరనర్సు వినయంగా.

“ఆయన మావోడు కాదుగా, తిననియ్యవే!” అంటూ బుల్లెమ్మ పకపకా నవ్వి, జావగిన్నె అందుకుంది. మరనర్సు మాత్రం ఆవకాయ వదల్లేదు.

డాక్టరు దిగొచ్చాడు. “మామ్మా, పండగెప్పుడు?”

“రేపే. నేనిక్కడ పడుంటినిగా.”

“ఆ జావ మొత్తం తాగు. పొద్దున్నే ఎగిరే అంబులెన్సులో నిన్ను ఊరికి తీసుకెళ్తాం. నేనూ వస్తున్నా, నా క్యారేజీతో సహా!”